కుర్చీలో మిగిలిన సంచి

మన్సూరాబాద్‌లో మా కాలనీ కమిటీ గదికి ఇప్పుడు ఏసీ వచ్చింది, గోడకి పెద్ద టీవీ వచ్చింది. మొన్న ఆదివారం మీటింగ్‌కి పాతవాళ్ళని కూడా పిలిచారు. వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ఊళ్ళో లేని సభ్యులు టీవీలో కనిపిస్తారట. చిన్న చిన్న గళ్ళలో నాలుగు మొహాలు. అందులో ఒకతను, మంచివాడే పాపం, తన బావమరిది ఇంటి ప్లాను చర్చకి రాగానే "ఇది మావాళ్ళది, నేను తప్పుకుంటున్నాను, మీరు కానివ్వండి" అని కెమెరా ఆపేశాడు. మొహం పోయింది. అదే గడిలోకి కోటు వేసుకుని నవ్వుతున్న అతని ఫోటో వచ్చింది. మనవాళ్ళు ఆ నవ్వు వంక చూస్తూ, బావమరిది మేడమీద లేపబోయే అదనపు గది గురించి మాట్లాడ్డం మొదలుపెట్టారు.

నాకు ఒళ్ళు మండింది. "బాబూ, ఆ ఫోటో కూడా తీసెయ్యండి" అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు. "ఆయన లేరు కదా ఆంటీ, మన మాటలు వినపడవు కూడా" అన్నాడు ఇప్పటి ప్రెసిడెంటు.

"లేకపోతే మరి ఆ నవ్వేదెవరు?"

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దావిడ చాదస్తం అనుకుని ఉంటారు. అనుకోనివ్వండి, నాకేం. ఫోటో మాత్రం తీయించే దాకా ఊరుకోలేదు. తీశాక ఒళ్ళో ఉన్న నా సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. ఇలాంటి సంచి ఒకదాని మూలంగా, ఇదే కమిటీలో, నేను సిగ్గుతో తల దించుకున్న రోజు ఒకటుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళెవరూ ఇప్పుడా గదిలో లేరు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న కొత్తల్లో కాలనీలో ఇళ్ళకన్నా ఖాళీ ప్లాట్లే ఎక్కువ. వానాకాలం వస్తే గడ్డి నడుమెత్తు పెరిగేది. సాయంత్రం మేడ ఎక్కి నిలబడితే ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సుల హారన్లు వినిపించేవి. నల్గొండ నుంచీ సూర్యాపేట నుంచీ వచ్చే బస్సులన్నీ అక్కడే జనాన్ని దింపేవి. అప్పటికి మెట్రో స్తంభాలు లేవు, ఆకాశం అడ్డం లేకుండా కనిపించేది. కొత్తపేట పండ్ల మార్కెట్టు ముందు నుంచి బస్సు వెళ్తుంటే మామిడికాయల కాలంలో బస్సంతా తియ్యటి వాసన. ఇప్పుడా మార్కెట్టూ అక్కడ లేదు, నాకు ఆ బస్సూ అక్కర్లేదు. అయినా కొత్తపేట దాటుతుంటే ముక్కు దానంతటదే ఆ వాసన వెతుక్కుంటుంది.

నేను సైదాబాద్‌లో ఒక స్కూల్లో టీచర్ని. పొద్దున్నే ఎల్బీ నగర్‌లో బస్సెక్కడం అంటే యుద్ధమే. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి రుమాలో, సంచో, పుస్తకమో సీటు మీదకి విసిరెయ్యాలి. ఆ తరవాత తీరిగ్గా తలుపు దగ్గర తోసుకుని ఎక్కినా పరవాలేదు. ఆ సీటు మనదే. ఎంత మొరటు మనిషైనా రుమాలున్న సీట్లో కూర్చోడు. కూర్చుంటే బస్సంతా వాడి మీద పడేది. ఆ గౌరవం ఈ ఊళ్ళో ఇంకే కాగితానికీ, ఏ దస్తావేజుకీ లేదని మా ఆయన నవ్వేవారు. ఇరవై ఏళ్ళు అలా సంచి విసిరీ విసిరీ నా చెయ్యి దానికి అలవాటు పడిపోయింది. ఎక్కడ లేచినా సంచి అక్కడ వదిలి లేవడమే. స్టాఫ్ రూములో అంతే, పెళ్ళి పందిట్లో అంతే.

కమిటీ సంగతి చెప్పాలి. మాకు ప్రభుత్వం ఇచ్చిన అధికారం ఏమీ లేదు. ఇంటి పర్మిషన్ ఇచ్చేది మున్సిపల్ ఆఫీసే. కానీ మా కాలనీలో మొదటినుంచీ ఒక కట్టుబాటుంది. ఎవరు ఇల్లు కట్టుకున్నా, ముగ్గు పోసుకోబోయే ముందు ప్లాను తెచ్చి కమిటీకి చూపించాలి. చుట్టూ గాలికీ వెలుతురుకీ వదలాల్సిన జాగా, అదే సెట్‌బ్యాక్, సరిగ్గా వదిలారా లేదా అని మేం టేపు పెట్టి కొలిచేవాళ్ళం. "కాలనీకి అభ్యంతరం లేదు" అని మేం ఒక కాగితం రాసిస్తే ఆఫీసులో పని సులువయ్యేది. ఆ కాగితానికి అంత విలువ ఉంది కాబట్టే అది రాసే చేతికి భయం ఉండాలి. ఈ ముక్క నాకు అప్పుడు తెలుసనే అనుకున్నాను.

కమిటీ గది అంటే పార్కు పక్కన రేకుల కప్పు, నాలుగు గోడలు, అయిదారు ప్లాస్టిక్ కుర్చీలు. ప్లాను కాగితం బల్లమీద పరిస్తే మళ్ళీ చుట్టుకుపోయేది. దాన్ని ఆపడానికి నాలుగు మూలలా నాలుగు స్టీలు గ్లాసులు పెట్టేవాళ్ళం, టీతో సహా. మా ఫైళ్ళలో పాత ప్లాన్లన్నిటికీ మూలల్లో గుండ్రటి టీ మరకలుంటాయి. ఆ గదిలో ఎన్ని పోట్లాటలు, ఎన్ని నవ్వులు! ఒకరు "ఎట్లయితది సారూ గది" అంటే, ఇంకొకరు "అలా ఎందుకవ్వదండీ" అనేవారు. రెండు రకాల తెలుగూ ఒకే బల్ల మీద టీ తాగేవి.

ఆ కమిటీకి పెద్దదిక్కు ఒక ముసలాయన. ఈ లేఅవుట్ వేసిన భూమి ఒకప్పుడు ఆయనదే. ఇక్కడ జొన్న వేసిన మనిషి. ఆయన్ని నేను బాబాయిగారూ అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. కాలనీలో మొదటి ఏడాదే ఆయన కొడుకు ఇంటి ప్లాను కమిటీకి వచ్చిందట. చర్చ మొదలవ్వగానే ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడట. "నా కొడుకు ముచ్చట ఇది. నేనిక్కడ కూసుంటే మీరెవ్వరు నోరు ఇప్పరు" అని బయటికి పోయి, పార్కు గేటు పక్కన బండమీద కూర్చున్నాడట. లోపల ఏమనుకున్నారో తరవాత ఆయన అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. అప్పటినుంచీ అదే మా ఆచారం. ఎవరి సొంత విషయం వచ్చినా, చుట్టాల విషయం వచ్చినా, ఆ సభ్యుడు బయటికెళ్ళి ఆ బండమీద కూర్చోవాలి. పిల్లలు దాన్ని శిక్షబండ అనేవారు.

నా చేతిరాత బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు. మినిట్స్ పుస్తకం నాదే. నిజం చెప్పొద్దూ, నాకు చాలా గర్వంగా ఉండేది. స్కూల్లో హెడ్‌మాస్టర్ మాట వినాలి, ఇంట్లో అత్తగారి మాట వినాలి. ఇక్కడ మాత్రం రిటైరైన ఇంజనీరు గారంతటి మా ప్రెసిడెంటు కూడా "మేడం గారు రాసుకున్నారా?" అని నా కలం ఆగే దాకా ఆగేవారు.

ఇక మా తమ్ముడు. నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. అమ్మ పోయాక వాడికి తల దువ్విందీ, బటన్లు పెట్టిందీ, పదో తరగతిలో లెక్కలు చెప్పి చెవి మెలిపెట్టిందీ నేనే. ఆ లెక్కలే వాడికి అన్నం పెట్టాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్తూ చెప్తూ, మేడమీద రెండు గదులు కిరాయికి తీసుకుని సొంతంగా పెట్టుకున్నాడు. జిల్లాల నుంచి వచ్చిన ఆడపిల్లలు అక్కడి హాస్టళ్ళలో గదికి ఎనిమిది మంది చొప్పున, మంచాల మధ్య నడవడానికి జాగా లేకుండా ఉండేవాళ్ళు. "అక్కా, వీళ్ళకోసం మంచి హాస్టల్ ఒకటి కట్టాలే. గాలీ వెలుతురూ ఉండాలి" అని ఏళ్ళ తరబడి అనేవాడు. చివరికి మా కాలనీలోనే, పార్కు వెనక వీధిలో ప్లాటు కొన్నాడు. ఆ రోజు నేను వాడికి పాయసం చేసి పెట్టాను. తమ్ముడు కళ్ళెదుటే ఉంటాడన్న సంతోషంలో నేల మీద నడవలేదు నేను.

వాడి ప్లాటు పక్కిల్లు కుట్టుపని చేసే ఒకావిడది. ఇబ్రహీంపట్నం వైపు పల్లెటూరు వాళ్ళది. భర్త లేడు. ముందు భాగం కిరాయికిచ్చి, వెనక గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని ఉండేది. కాలనీ ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆమె చేతిమీదుగా పోవలసిందే. ఆ గదికి ఒకటే కిటికీ, అది మా తమ్ముడి ఖాళీ ప్లాటు వైపే. ఆ కిటికీ కిందే మిషన్. ఆమె ఇల్లు కట్టుకునేటప్పుడు తన వైపు వదలాల్సిన జాగా దగ్గర మేం ఎంత కచ్చితంగా ఉన్నామో నాకు బాగా గుర్తు. టేపు పట్టుకున్నది నేనే. అరడుగు తగ్గిందని ముగ్గు చెరిపించి మళ్ళీ పోయించాం.

మా తమ్ముడు తెచ్చిన ప్లానులో ఆమె వైపు వదలాల్సింది నాలుగడుగులైతే వదిలింది ఒక్కడుగు. మూడంతస్తులు. "అక్కా, ఆ మూడడుగులు వదిలితే అంతస్తుకో గది పోతుందే. కమిటీ కాగితం ఇప్పిస్తే ఆఫీసులో నేను చూసుకుంటా" అన్నాడు. నేను కాదనలేదు. ఔననీ అనలేదు. "నేను ఆ రోజు బయటికెళ్ళిపోవాలిరా, ఆచారం" అన్నాను. "వెళ్ళు. నువ్వెళ్తే మాత్రం నువ్వు నా అక్కవి కాకుండా పోతావా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే అంతా ఉంది, నాకే తెలియలేదు.

ఆదివారం పొద్దున మీటింగ్. గ్లాసులు పెట్టి ప్లాను పరిచారు. నేను లేచాను. లేచి ఊరుకున్నానా? "ఒక్క మాట చెప్పి వెళ్తానండీ. మా తమ్ముడని కాదు గానీ, చిన్నప్పటినుంచీ వాడు బుద్ధిమంతుడు. ఇరుగుపొరుగుని ఇబ్బంది పెట్టే రకం కాదు" అన్నాను. ప్రెసిడెంటుగారు "మాకు తెలీదా మేడం" అన్నారు. సంచి కుర్చీలో, మినిట్స్ పుస్తకం దానికి ఆనించి, కలం దానిమీద పెట్టి, నేను ఎంతో నిజాయితీపరురాలిలా నడుచుకుంటూ వెళ్ళి శిక్షబండమీద కూర్చున్నాను.

చల్లటి గాలి. పార్కులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. లోపలినుంచి ఒకసారి నవ్వులు వినిపించాయి. పది నిమిషాలు కూడా కాలేదు, పిలిచారు. అందరి మొహాల్లో పండగ. "అయిపోయింది మేడం, రాసేయండి" అన్నారు. సంచి జరిపి కూర్చుని, నా గుండ్రటి అక్షరాలతో, "సభ్యులందరూ ఏకగ్రీవంగా" అని రాశాను. ఏకగ్రీవం అన్న మాట నేనెప్పుడూ ఎంతో అందంగా రాస్తాను. కుట్టుపని ఆవిడని పిలిచారా, ఆమె ఏమన్నది అని నేను అడగలేదు. ఆచారం ప్రకారం అడగకూడదు కదా! నాకు ఎంత సుఖంగా ఉందో ఆ ఆచారం ఆ రోజు.

ఇంటికి వెళ్తుంటే బాబాయిగారు కలిశాడు. ఆయన సంతకం కూడా ఉంది ఆ పేజీలో. నాలుగడుగులు నాతో నడిచి ఆగి, "బిడ్డా, నువ్వు బయటికి పోయినవ్ గని నీ సంచి లోపల్నే కూసున్నది" అన్నాడు.

"అంటే ఏంటి బాబాయిగారూ?"

"అంటే ఏముంది. ఒక్కొక్కడు నోరు తెరిచేటోడు, గా సంచి దిక్కు చూసేటోడు, నోరు మూసుకునేటోడు. నేను సుత గంతే. మల్ల వచ్చి గాన్నే కూసునేదానివి నువ్వు. మా మనవరాండ్లకు పాఠాలు జెప్పేదానివి. నీ తమ్మునిది కాదని ఎట్లంటం?"

నాకు కోపం నషాళానికి అంటింది. "మీరు వెళ్ళమన్నట్టే వెళ్ళానుగా! ఇంకేం చెయ్యమంటారు, ఊరొదిలి పొమ్మంటారా?" అని నడివీధిలో అరిచాను. ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ముసలాయనకి మతి పోయిందని ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "సంచి ఎందుకు వదిలావ్?" అన్నారు. ఆయనమీదా అరిచాను.

రెండు రోజుల తరవాత జాకెట్టు ముక్క తీసుకుని కుట్టుపని ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. కొత్త జాకెట్టు అవసరమేమీ లేదప్పుడు. ఆమె ఎప్పటిలాగే కిటికీ కింద కూర్చుని ఉంది. ఎండ మిషన్ మీద పడుతోంది. సూది కింద గుడ్డ, గుడ్డ కింద ఆమె వేళ్ళు, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. కోపం లేదు, ముభావం లేదు. అదే నన్ను చంపేసింది. బీరువా పక్కన గోడకి ఆనించి కొత్త ట్యూబ్‌లైటు ఒకటుంది, అట్టపెట్టెలోనే.

"లైటు తెచ్చుకున్నావా?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"ఆ, తెచ్చిన టీచరమ్మా. ఇగ కిటికీల వెలుగు రాదు గద."

"మొన్ననే కదమ్మా తీర్మానం అయింది. అప్పుడే తెచ్చేశావా?"

ఆమె నోట్లోని గుండుసూది తీసి నా భుజం కొలత చూస్తూ, "తీర్మానం కాకముందే తెచ్చిన. అంతకుముందు శుక్కురారం కోఠికి పోయినుంటి, దారాల కోసం. అప్పుడే కొన్న" అంది.

"ముందే ఎలా తెలుసు నీకు?"

"అది తెల్వకపోవుడేంది టీచరమ్మా?" అని మామూలుగా, ఏ వంకరా లేకుండా నవ్వింది. "మీ తమ్ముడు గద."

నేను బండమీద కూర్చోకముందే, మీటింగ్ జరగకముందే, ఆచారం, మర్యాద, నా నడక, నా గుండ్రటి అక్షరాలు, అన్నీ ఎంత విలువ చేస్తాయో ఆమె లెక్కగట్టి ట్యూబ్‌లైటు కొనుక్కుంది. మా టేపుకి భయపడి అరడుగు వెనక్కి జరిగిన మనిషి. ఆమె తప్పు పట్టి ఉంటే నేను వాదించేదాన్ని. వాదనలో నన్ను ఓడించేవాళ్ళు ఈ కాలనీలో లేరు. ఆమె అసలు నా దగ్గర న్యాయం ఆశించనే లేదు. కొలత సరిగ్గా తీసుకోనివ్వకుండా లేచి వచ్చేశాను. దారిలో ఏడ్చాను. ఎవరైనా చూస్తారని కూడా అనుకోలేదు.

ఆ సాయంత్రమే ప్రెసిడెంటుగారింటికి వెళ్ళి తీర్మానం మళ్ళీ పెట్టమన్నాను. "అయిపోయిందిగా మేడం, ఆవిడ కూడా ఏమీ అనలేదు, మనకెందుకు?" అన్నారు. "ఆవిడని అడిగితే కదండీ అనడానికి!" అన్నాను. మినిట్స్ పుస్తకం ఆయన ముందే తెరిచి, నేను రాసిన తీర్మానం కింద, "చర్చకు ముందు నేను నా తమ్ముడి తరఫున మాట్లాడాను. నా సంచి, ఈ పుస్తకం నా కుర్చీలోనే ఉన్నాయి. పొరుగువారిని ఎవరూ అడగలేదు. కనుక ఇది చెల్లదని నా మనవి" అని రాసి సంతకం పెట్టాను. ఆ నాలుగు ముక్కలూ రాసేటప్పుడు నా చేతిరాత అస్సలు బాగాలేదు. ఈసారి నేను ఆ చుట్టుపక్కల కూడా ఉండననీ, రాయడం ఇంకెవరికైనా అప్పగించమనీ, మీటింగ్ ఆ కుట్టుమిషన్ గదిలోనే పెట్టమనీ చెప్పాను. ఆయన గొణుక్కుంటూనే వచ్చే ఆదివారానికి ఒప్పుకున్నారు.

తమ్ముడికి నేనే ఫోన్ చేసి చెప్పాను. "నువ్వు నా పక్కనున్నావా, వాళ్ళ పక్కనున్నావా అక్కా?" అన్నాడు.

"నీకు జ్వరం వస్తే నీ పక్కనే ఉంటానురా. ఇక్కడ నేను ఎవరి పక్కనా ఉండకూడదు" అన్నాను.

"అమ్మ ఉంటే ఇలా చేసేదా?" అని ఫోన్ పెట్టేశాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వాడికి అమ్మని నేనే కదా అనుకునేదాన్ని.

ఆ ఆదివారం నేను సంచి భుజాన తగిలించుకుని బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళిపోయాను. పనేమీ లేదు. పాత పుస్తకాల బండ్ల దగ్గర నిలబడ్డాను, గాజుల కొట్లు చూశాను, వాడి కోచింగ్ సెంటర్ ఉన్న మేడ కింద నిలబడి పైకి చూశాను. ఆదివారమైనా పిల్లలు మెట్లమీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నారు. ఒక పిల్ల వెలుగు చాలక పుస్తకాన్ని రోడ్డు వైపు తిప్పి పట్టుకుంది. ఆ పిల్లకి కావలసిందీ, కుట్టుపని ఆవిడకి కావలసిందీ ఒకటే కదా అనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఖాళీగానే ఉంది. అయినా సంచి ఒళ్ళోంచి దించలేదు.

జరిగింది తరవాత బాబాయిగారు చెప్పాడు. అందరూ ఆమె గదిలోకి వెళ్ళారట, మా తమ్ముడితో సహా. బాబాయిగారు ముందే మేస్త్రీ చేత తమ్ముడి ప్లాటులో, ప్లానులో గోడ ఎక్కడ వస్తుందో సరిగ్గా అక్కడ, పొడుగాటి కర్రలు పాతించి టార్పాలిన్ ఎత్తుగా కట్టించాడట. గది మసకబారింది. అప్పుడాయన మిషన్ దగ్గరున్న దారం తీసి ప్రెసిడెంటుగారి చేతికిచ్చి, "సూదిలకు ఎక్కియ్యున్రి సారూ" అన్నాడట. ఇంజనీరుగారు కళ్ళజోడు సవరించుకుని మూడుసార్లు ప్రయత్నించి, "కనపడ్డం లేదయ్యా" అన్నారట. ఆ తరవాత టార్పాలిన్ నాలుగడుగుల దాకా వెనక్కి జరిపారు. దారం ఎక్కింది.

"మా తమ్ముడేమన్నాడు?" అని అడిగాను. అడగకూడదని తెలిసీ అడిగాను.

"ఏమనలే. టార్పాలిన్ ఆయనే ఇప్పిండు బిడ్డా" అన్నాడు.

హాస్టల్ నాలుగడుగులు వదిలే కట్టి, కింద ఒక వాటాలో తనూ కాపురం పెట్టాడు. గృహప్రవేశానికి కార్డు మా ఆయన పేరున మాత్రమే వచ్చింది. మా ఆయన వెళ్ళి వచ్చి, భోజనాలు బాగున్నాయని మాత్రం చెప్పారు. నేను వంటింట్లో పెరుగన్నం తిని పడుకున్నాను. రెండేళ్ళు వాడు నాతో మాట్లాడలేదు. ఒకే కాలనీలో ఉండి, కూరగాయల బండి దగ్గర ఎదురుపడి, వాడు టమాటాల వంక, నేను వంకాయల వంక చూసుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళం. ఎంత బాధపడ్డానో మాటల్లో చెప్పలేను. చివరికి నాకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు దవాఖానకి వచ్చాడు. నా తల దువ్వి జడ వేశాడు, వంకరగా. ఇప్పుడు మాట్లాడతాడు గానీ ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా, "మా అక్క దయవల్ల అంతస్తుకో గది గోవిందా" అని పదిమందిలో అంటూనే ఉంటాడు. అననీ. ఆ హాస్టల్ పిల్లలు ఆ నాలుగడుగుల సందులోనే తీగలు కట్టుకుని బట్టలారేసుకుంటారు.

ఆ తరవాత కమిటీలో ఆచారం కాస్త మారింది. బయటికెళ్ళేవాళ్ళు సంచీ, చెప్పులూ, తాగుతున్న టీ గ్లాసూ, చివరికి తాము కూర్చున్న కుర్చీ కూడా మోసుకుని వెళ్ళాలి. ప్లాస్టిక్ కుర్చీ నెత్తిన పెట్టుకుని ప్రెసిడెంటుగారు పార్కులోకి నడవడం చూసి పిల్లలు ఈలలు వేసేవారు. బాబాయిగారు పోయారు, ప్రెసిడెంటుగారు కొడుకు దగ్గరికి పుణె వెళ్ళిపోయారు, శిక్షబండని కొత్త గేటు పెట్టినప్పుడు తీసేశారు. ఆ గదీ, ఆ మరకల ప్లాన్లూ తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

మొన్న టీవీలో ఫోటో తీయించాక, మీటింగ్ అవ్వగానే తిన్నగా కుట్టుపని ఆవిడ ఇంటికే వెళ్ళాను. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. మిషన్ అదే కిటికీ కింద. అక్కడ జరిగింది చెప్తే, పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పుడు బీరువా పైకి చూశాను. ఆ ట్యూబ్‌లైటు ఇంకా అక్కడే ఉంది. అట్టపెట్టె రంగు వెలిసిపోయింది, మీద దుమ్ము. విప్పను కూడా విప్పలేదు.

"ఇన్నేళ్ళూ దాచావా? అప్పుడే తిరిగిచ్చేస్తే కొట్టువాడు తీసుకునేవాడు కదమ్మా" అన్నాను.

ఆమె దారం తెంపి, కళ్ళజోడు మీదినుంచి నా వంక చూసింది.

"ఉండనీ టీచరమ్మా. కమిటీ ఉన్నన్ని దినాలు లైటు ఉండాలె."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఒళ్ళో సంచిని గట్టిగా పట్టుకున్నాను, ఈమె ఇంకా నన్ను నమ్మలేదు అనుకుంటూ.